క్యాష్ తీసేస్తే పెళ్ళి ఫుటేజ్ పోతుందా?

గుణుపూర్‌లో కొత్తగా మిక్సింగ్ (పెళ్ళి వీడియోల ఎడిటింగ్) పని మొదలుపెట్టిన ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. కంప్యూటర్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంది, ప్రీమియర్ ప్రోలో ఎడిటింగ్ చేస్తున్నారు. సి డ్రైవ్ ఎర్రగా మారిపోయి 9 జీబీ మాత్రమే మిగిలింది. ఎక్స్‌పోర్ట్ సగంలో ఆగిపోతోంది. వెతికితే 'మీడియా క్యాష్ ఫైల్స్' అనే ఫోల్డర్ ఒక్కటే 140 జీబీ ఉందని తెలిసింది. క్యాష్ అంటే ఇక్కడ డబ్బు కాదు, పని తడుముకోకుండా సాగడానికి ప్రీమియర్ తనకోసం పక్కన రాసిపెట్టుకునే ఫైళ్ళు. స్నేహితుడేమో ఫోల్డర్ మొత్తం కొట్టేయమంటున్నాడు. చేతిలో మూడు పెళ్ళిళ్ళ పని సగంలో ఉంది. కొట్టేస్తే ఫుటేజ్ గానీ, చేసిన ఎడిటింగ్ గానీ పోతుందేమోనని భయం.

పోదు. టెన్షన్ పడకండి. ఆ ఫోల్డర్‌లో మీరు కెమెరాతో తీసిన క్లిప్ ఒక్కటీ ఉండదు. మీరు పెట్టిన కట్టింగులు, ఎఫెక్టులు, పాటలు వేసిన టైమ్‌లైన్ కూడా అక్కడ ఉండవు, అవన్నీ ప్రాజెక్ట్ ఫైల్‌లో ఉంటాయి. కాబట్టి క్యాష్ తీసేయవచ్చు. కాకపోతే ఫోల్డర్ తెరిచి చేత్తో కొట్టేయకండి, ప్రీమియర్ లోపలి నుంచే తీయండి. ఇంకో మాట, రేపు డెలివరీ ఉందనగా ఈ రాత్రి ఈ పని పెట్టుకోకండి. ఎందుకో కింద చెబుతాను.

నేను పర్లాకిమిడిలో పదహారేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. ఇటు పాతపట్నం, టెక్కలి వైపు తెలుగు పెళ్ళిళ్ళు, అటు కాశీనగర్, మోహన వైపు ఒడియా పెళ్ళిళ్ళు రెండూ వస్తాయి. ఈ పదహారేళ్ళలో క్యాష్ తీసినందువల్ల ఫుటేజ్ పోయినవాణ్ణి నేను చూడలేదు. 'క్యాష్ తీస్తున్నాను' అనుకుంటూ వేరే ఏదో తీసేసి ఏడ్చినవాళ్ళను మాత్రం చూశాను. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ముందు తీసే పద్ధతి. ప్రీమియర్‌లో ఎడిట్ మెనూ కింద ప్రిఫరెన్సెస్, అందులో మీడియా క్యాష్ అని ఉంటుంది. 'రిమూవ్ మీడియా క్యాష్ ఫైల్స్' పక్కన డిలీట్ బటన్ నొక్కితే రెండు దారులు చూపిస్తుంది. ఒకటి వాడుకలో లేని క్యాష్ మాత్రమే తీసేది, రెండోది మొత్తం తీసేది. ప్రాజెక్ట్ తెరిచి ఉంటే రెండోది నొక్కనివ్వదు. ప్రీమియర్ మూసి మళ్ళీ తెరవండి. మొదట వచ్చే హోమ్ స్క్రీన్ మీదే ఆగి, ఏ ప్రాజెక్టూ తెరవకుండా ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళండి. అప్పుడు ఆ దారి తెరుచుకుంటుంది. మీ కేసులో 140 జీబీ అంటే ఎప్పుడో అప్పజెప్పేసిన పెళ్ళిళ్ళవి కూడా పేరుకుపోయాయని అర్థం. మొత్తం తీసేయడమే మంచిది.

అంతకంటే ముందు చేయాల్సింది ఒకటుంది. మూడు ప్రాజెక్ట్ ఫైళ్ళనూ పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ప్రాజెక్ట్ ఫైల్ చాలా చిన్నది, చాలావరకు కొన్ని ఎంబీలు మించదు. రెండు నిమిషాల పని. క్యాష్ తీస్తే ప్రాజెక్టుకు ఏమీ కాదని నాకు తెలుసు. అయినా ఏదైనా తీసేసే ముందు తిరిగి రానిదాన్ని ఇంకోచోట పెట్టుకోవడం నాకు అలవాటు. ఆ అలవాటు మీకూ మొదటి రోజు నుంచే రావాలని నా కోరిక.

తీసేశాక ఏమవుతుంది? ప్రాజెక్ట్ తెరవగానే కింద కుడివైపు చిన్న పట్టీ కదులుతూ ఉంటుంది. ఆడియోను కన్ఫార్మ్ చేస్తున్నానని, పీక్ ఫైళ్ళు (ఆడియో అలల బొమ్మ చూపించేవి) తయారు చేస్తున్నానని చెబుతుంది. అది పూర్తయ్యేవరకు టైమ్‌లైన్‌లో ఆడియో అలలు కనిపించవు. కొన్ని క్లిప్‌లు శబ్దం లేకుండా ఆడవచ్చు. చాలామంది భయపడేది ఇక్కడే. మా దగ్గర పనిచేసే కుర్రాడు ఒకసారి నాదస్వరం ట్రాకు ఖాళీగా కనిపించేసరికి ఆడియో పోయిందనుకున్నాడు. క్లిప్‌లన్నీ తీసేసి మళ్ళీ ఇంపోర్ట్ చేశాడు. నాలుగు గంటలు కూర్చుని కలిపిన సింక్ అంతా చెదిరిపోయింది. ఆగి ఉంటే అరగంటలో అన్నీ వాటంతట అవే వచ్చేవి.

అందుకే డెలివరీకి ముందు రాత్రి వద్దన్నాను. క్యాష్ తిరిగి తయారు కావడానికి సమయం పడుతుంది. మూడు కెమెరాల ఫుటేజ్, అదీ మామూలు యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లో ఉంటే గంటకు పైనే పట్టినా ఆశ్చర్యపోకండి. మన వైపు వేసవిలో, గాలివానల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి యూపీఎస్ ఉన్నప్పుడే పెట్టుకోండి. మధ్యలో ఆగిపోయినా ఫుటేజ్‌కు ఏమీ కాదు. ఆ సగం సగం ఫైళ్ళు మళ్ళీ తీసేసి మొదటి నుంచి చేయించుకోవాల్సి రావచ్చు, అంతే.

ఇంతకీ 140 జీబీ ఎలా పేరుకుంది? కెమెరాలో ఆడియో సాధారణంగా కుదించి రికార్డవుతుంది. దాన్ని అటూ ఇటూ జరిపినప్పుడు తడుముకోకుండా ఉండటానికి ప్రీమియర్ ఆ ఆడియోను విప్పి, కుదింపు లేని 32 బిట్ ఫైల్‌గా పక్కన రాసిపెట్టుకుంటుంది. లెక్క వేయండి. సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కొక్కటి 4 బైట్లు, ఎడమ కుడి కలిపి రెండు చానళ్ళు. గంటకు దాదాపు 1.4 జీబీ అవుతుంది. ఒక పెళ్ళికి మూడు కెమెరాలు, ఒక్కోదానిలో ఐదు గంటలు అనుకుంటే ఆడియో క్యాష్ ఒక్కటే 20 జీబీ దాటిపోతుంది. ఏడెనిమిది పెళ్ళిళ్ళకు మీ 140 అక్కడే వచ్చేసింది. మాఘమాసంలో మొదలుపెట్టి వైశాఖం దాకా ఒక్కసారీ చూడకపోతే ఇలాగే ఉంటుంది, మీ తప్పు పెద్దగా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఫోల్డర్లోకి వెళ్ళి చేత్తో ఎందుకు తీయొద్దంటున్నానంటే, ఆ క్యాష్ ఉండే ఇల్లు ఇరుకు. విండోస్‌లో సాఫ్ట్‌వేర్లు తమ సరంజామా దాచుకునే యాప్‌డేటా అనే ఫోల్డర్‌లో రోమింగ్, అందులో అడోబ్, అందులో కామన్ అనే ఫోల్డర్ ఉంటుంది. మీడియా క్యాష్ ఫైల్స్, మీడియా క్యాష్ రెండూ దాని లోపలివే. వాటి పక్కనే మోషన్ గ్రాఫిక్స్ టెంప్లేట్ల ఫోల్డర్ కూడా అక్కడే ఉంటుంది. మీరు డబ్బు పెట్టి కొనుక్కున్న పెళ్ళి టైటిళ్ళు, పేర్లు తిరిగే టెంప్లేట్లు అందులోనివే. 'కామన్ అంటే ఏముంటుందిలే' అని ఫోల్డర్ అంతా కొట్టేస్తే క్యాష్‌తో పాటు అవీ పోతాయి. మీ స్నేహితుడు చెడు ఉద్దేశంతో చెప్పి ఉండడు, కానీ 'మొత్తం' అన్న మాట దగ్గరే ప్రమాదం ఉంది.

నేను దేన్నైనా తీసేసే ముందు మనసులో ఒక ప్రశ్న వేసుకుంటాను. ఇది పోతే కంప్యూటర్ తనంతట తాను మళ్ళీ తయారు చేసుకోగలదా? దేని నుంచి చేసుకుంటుంది? అది నా దగ్గర భద్రంగా ఉందా? మూడింటికీ జవాబు దొరికితేనే డిలీట్. పీక్ ఫైల్‌ను ఒరిజినల్ క్లిప్ నుంచి చేసుకుంటుంది, క్లిప్ ఉంది, కాబట్టి తీసేయవచ్చు. ఒరిజినల్ క్లిప్‌ను మాత్రం ఏ కంప్యూటరూ తయారు చేయలేదు. ఆ పెళ్ళి మళ్ళీ జరగదు.

ఈ ప్రశ్న వేసుకోవడం ఏడేళ్ళ కిందట నేర్చుకున్నాను. వంశధార పక్కన ఒక పల్లెలో పెళ్ళి. తెల్లవారుజామున అప్పగింతలు అయ్యాయి, అదే సాయంత్రం ఇంకో పెళ్ళికి వెళ్ళాలి. డి డ్రైవ్ నిండిపోయిందని అప్పగింతలు ఉన్న కార్డులోని ఫుటేజ్‌ను హడావుడిగా క్యాష్ కోసం పెట్టుకున్న ఎస్‌ఎస్‌డీలో 'టెంప్' అనే ఫోల్డర్ చేసి కాపీ చేశాం. ఆ ఫోల్డర్‌కు ఆ పేరు పెట్టింది నేనే. కార్డు ఫార్మాట్ అయి రెండో పెళ్ళికి వెళ్ళిపోయింది. నాలుగు రోజుల తర్వాత జాగా చాలక క్యాష్ డ్రైవ్ శుభ్రం చేస్తూ 'టెంప్' చూశాను. పాత చెత్త అనుకున్నాను. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కాను.

రికవరీకి బరంపురం దాకా తీసుకెళ్ళాను, రాలేదు. ఎస్‌ఎస్‌డీలో తీసేసిన ఫైళ్ళు పాత హార్డ్ డిస్క్‌లో లాగా దొరకవు. ట్రిమ్ అని ఒకటి ఉంటుంది. ఫైల్ తీసేసిన కాసేపటికే విండోస్ 'ఈ జాగా ఇక ఖాళీ' అని డ్రైవ్‌కు చెప్పేస్తుంది, డ్రైవ్ లోపల ఆ భాగాన్ని తుడిచేసుకుంటుంది. కార్డు మీదేమో అప్పటికే రెండో పెళ్ళి రికార్డయింది. మిగిలింది దూరం నుంచి తీసిన రెండో కెమెరా ఫుటేజ్. అందులో అమ్మాయి తండ్రి వీపు మాత్రమే కనిపిస్తుంది. నేనే వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. ఆమె తల్లి తిట్టలేదు. 'ఆయన ఏడ్చింది లేదా బాబూ?' అని మాత్రం అడిగింది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. అప్పటి నుంచి మా స్టూడియోలో టెంప్, న్యూ ఫోల్డర్, మిసిలేనియస్ అనే పేర్లతో ఫోల్డర్ ఉండకూడదు. తేదీ, ఊరు, ఇంటిపేరు, కెమెరా నంబరు ఉండాల్సిందే. క్యాష్ డ్రైవ్‌లో క్యాష్ తప్ప ఒక్క ఫోటో కూడా ఉండకూడదు.

ఇంకా జాగా కావాలంటే చూడాల్సినవి చెబుతాను. మీడియా క్యాష్ తీశాక కూడా చాలదని చాలామంది అంటారు. రెండర్ ప్రివ్యూలు వేరే చోట ఉంటాయని వాళ్ళకు తెలియదు. టైమ్‌లైన్ మీద ఎర్ర గీత పచ్చగా మారడానికి రెండర్ చేస్తాం కదా, ఆ ఫైళ్ళు మామూలుగా ప్రాజెక్ట్ పక్కనే 'వీడియో ప్రివ్యూస్' అనే ఫోల్డర్‌లో పడతాయి. అప్పజెప్పేసిన పెళ్ళిళ్ళవి తీసేయడానికి ఆ ప్రాజెక్ట్ తెరిచి, సీక్వెన్స్ మెనూలో డిలీట్ రెండర్ ఫైల్స్ నొక్కండి. ఒరిజినల్ ఫుటేజ్ ఉన్నంతవరకు ఇవి ఎప్పుడైనా మళ్ళీ చేసుకోవచ్చు. అదే వరుసలో 'ఆటో సేవ్' అనే ఫోల్డర్ కూడా కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోవద్దు. ప్రాజెక్ట్ పాడైన రోజున మిమ్మల్ని కాపాడేది అదే, పైగా అది పట్టే జాగా చాలా తక్కువ.

ప్రాక్సీలు (ఎడిటింగ్ తేలికగా సాగడానికి చేసుకునే చిన్న కాపీ క్లిప్‌లు) చేసుకుని ఉంటే పని పూర్తయ్యేదాకా ఉంచండి. మళ్ళీ చేసుకోవచ్చు, కానీ రాత్రంతా పడుతుంది.

టైటిళ్ళకు ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వాడుతుంటే దాని డిస్క్ క్యాష్ వేరు. ప్రిఫరెన్సెస్‌లో మీడియా అండ్ డిస్క్ క్యాష్ దగ్గర ఎంప్టీ డిస్క్ క్యాష్ అని ఉంటుంది. అది నిశ్చింతగా తీసేయండి.

మన వైపు చాలా స్టూడియోల్లో ఇప్పటికీ ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. అందులో రెండర్ మెనూ కింద తాత్కాలిక ఫైళ్ళు తీసే దారి ఉంది, అక్కడి నుంచే తీయండి. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో రెండర్డ్ అన్నది తిరిగి చేసుకోగలిగింది. ట్రాన్స్‌ఫర్డ్ అన్నది కనిపిస్తే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోండి. కార్డు నుంచి కంప్యూటర్‌లోకి తెచ్చిన అసలు క్లిప్‌లు అందులో ఉంటాయి. రెండు పేర్లూ చూడ్డానికి దగ్గరగా ఉంటాయి, ఒకటి తీసేయదగ్గది, ఇంకోటి ప్రాణం.

డావించీ రిజాల్వ్‌కు మారే ఆలోచన ఉందని రాశారు కాబట్టి దాని గురించి కాస్త గట్టిగా చెప్పాలి. క్యాష్ తీయడం తేలికే. ప్లేబ్యాక్ మెనూలో డిలీట్ రెండర్ క్యాష్ ఉంటుంది, మొత్తమా, వాడనివా, ఎంచుకున్న క్లిప్‌లవా అని అడుగుతుంది. ఆ ఫైళ్ళు క్యాష్‌క్లిప్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. తేడా ఎక్కడంటే, ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ అన్నది మీ కంటికి కనిపించే ఒక ఫైల్. రిజాల్వ్‌లో అలా కాదు, ప్రాజెక్టులన్నీ దాని సొంత లైబ్రరీలో ఉంటాయి. విండోస్‌లో మామూలుగా ఆ లైబ్రరీ కూడా యాప్‌డేటా లోపలే ఉంటుంది. ప్రీమియర్ అలవాటుతో యాప్‌డేటాలోకి వెళ్ళి బరువుగా కనిపించిన ఫోల్డర్లు కొట్టేసేవాళ్ళు ఇక్కడ అన్ని ప్రాజెక్టులూ ఒకేసారి పోగొట్టుకుంటారు. ఫుటేజ్ ఉంటుంది, నెల రోజుల పని ఉండదు. అందుకని రిజాల్వ్‌లో పెళ్ళి పెళ్ళికీ ప్రాజెక్ట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి ఫుటేజ్ పక్కనే పెట్టుకోండి. గ్యాలరీ ఫోల్డర్‌లో మీరు దాచుకున్న రంగుల స్టిల్స్ ఉంటాయి, అదీ క్యాష్ కాదు.

ఫోన్‌లో రీల్స్ ఎడిట్ చేసేవాళ్ళు కూడా ఇది చదువుతుంటారు. ఆండ్రాయిడ్‌లో యాప్ స్టోరేజ్‌లోకి వెళ్తే క్లియర్ క్యాష్, క్లియర్ డేటా అని పక్కపక్కనే రెండు ఉంటాయి. మొదటిది నొక్కండి. రెండోది నొక్కితే యాప్ కొత్తగా వేసినట్టు అయిపోతుంది, అందులో దాచుకున్న డ్రాఫ్టులు పోతాయి.

మళ్ళీ పది రోజులకే నిండిపోకుండా ఏం చేయాలి? సి డ్రైవ్ నుంచి క్యాష్‌ను బయటికి తీసుకురండి. అదే మీడియా క్యాష్ పేజీలో చోటు మార్చే బ్రౌజ్ బటన్ ఉంటుంది. వీలైతే దీనికోసం చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి విడిగా పెట్టుకోండి, 256 జీబీదైనా సరిపోతుంది. పెన్ డ్రైవ్‌లో గానీ, నెమ్మదిగా నడిచే బయటి హార్డ్ డిస్క్‌లో గానీ క్యాష్ పెట్టొద్దు. జాగా మిగులుతుంది కానీ టైమ్‌లైన్ ఈడుస్తుంది. ఆ పేజీలోనే క్యాష్ ఫైళ్ళను ఒరిజినల్ క్లిప్‌ల పక్కన దాచమనే టిక్కు ఉంటుంది. దాన్ని వేయకండి, ఫుటేజ్ ఫోల్డర్ల నిండా ఈ ఫైళ్ళు చేరి ఏది అసలో ఏది కొసరో తెలియకుండా పోతుంది. పాత క్యాష్‌ను తనంతట తానే తీసేసే ఏర్పాటు కూడా అక్కడే ఉంది. అక్కడ మామూలుగా 90 రోజులు అని ఉంటుంది. నేను 45 పెట్టుకున్నాను. మా దగ్గర పెళ్ళి పని నెలన్నరకు మించి సాగదు, అందుకే ఆ లెక్క. మీ పని ఎన్నాళ్ళు పడుతుందో చూసుకుని పెట్టుకోండి. ఇది తీసేది క్యాష్‌ను మాత్రమే, రెండర్ ప్రివ్యూలను ముట్టుకోదు. అందుకే మూఢాలు రాగానే ఒక రోజు కూర్చుని ప్రాజెక్ట్ ప్రాజెక్టుకూ తెరిచి వాటిని సీక్వెన్స్ మెనూ నుంచి నేనే తీస్తాను. ముహూర్తాలు లేని రోజులు మాకు డిస్కులు సర్దుకునే రోజులు.

సి డ్రైవ్‌లో ఎప్పుడూ కనీసం 15 నుంచి 20 శాతం ఖాళీ ఉండేలా చూసుకోండి. మీ ఎక్స్‌పోర్ట్ సగంలో ఆగడానికి ఆ 9 జీబీయే కారణమై ఉండే అవకాశం ఎక్కువ. ఎక్స్‌పోర్ట్ జరుగుతున్నప్పుడు ప్రీమియర్‌కూ, విండోస్‌కూ తాత్కాలికంగా రాసుకోవడానికి జాగా కావాలి. ఉచితంగా దొరికే క్లీనర్ సాఫ్ట్‌వేర్లు వేసుకోవద్దు. వాటికి మీ పెళ్ళి ఏదో, మీ క్యాష్ ఏదో తెలియదు.

ఎంత క్యాష్ తీసినా అసలు బరువు ఫుటేజ్‌దేనని గుర్తుంచుకోండి. 100 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన తీసిన 4కె గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు ఐదేసి గంటలు నడిస్తే 675 జీబీ. మీ 512 జీబీ డ్రైవ్‌లో ఒక్క పెళ్ళి కూడా పూర్తిగా పట్టదు. కాబట్టి ఫుటేజ్ కోసం రెండు పెద్ద హార్డ్ డిస్కులు తప్పవు. రెండింటిలోనూ అదే ఫుటేజ్, రెండూ ఒకే గదిలో వద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు మా స్టూడియోలోకి నీళ్ళు వచ్చాయి. అల్మారా కింది అరలో ఉన్న డిస్కులు తడిసిపోయాయి. వాటి జతలు విశాఖలో మా బావ గారింట్లో ఉండబట్టి ఆ ఏడాది శ్రావణమాసంలో జరిగిన పెళ్ళిళ్ళన్నీ అప్పజెప్పగలిగాం.

మీ ఫుటేజ్ ఇప్పుడు ఎక్కడ ఉందో మీరు రాయలేదు తమ్ముడూ. మూడు పెళ్ళిళ్ళ కార్డులు ఇంకా ఫార్మాట్ చేయకపోతే అలాగే ఉంచండి. ముందు రెండో డిస్క్‌లోకి కాపీ చేసుకుని, ఒక్కో ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్ళు, ఎన్ని జీబీలు ఉన్నాయో రెండు వైపులా సరిచూసుకున్నాకే క్యాష్ జోలికి వెళ్ళండి. ఆ కాపీ చేయడానికి కూడా జాగా లేకపోతే మీ డి డ్రైవ్ సైజు ఎంతో, అది ఎస్‌ఎస్‌డీయో హార్డ్ డిస్కో, ప్రీమియర్ ఏ వెర్షనో ఇక్కడే రాయండి. రాత్రి పని అయ్యాక చూసి, ఏది ముందు జరపాలో వరుసగా చెబుతాను.